రాతి మీది తమ్ముడు

"పట్టపగలు కిటికీలకి ఈ తెరలేంటమ్మా? చూసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు."

మార్జీన్ ఆ మాట కావాలనే అంది. అని, తల్లి మొహంలో ఏం కదులుతుందోనని చూస్తూ నిలబడింది.

పొయ్యి మీద కోడిమాంసం ఉడుకుతోంది. వెర్నా మూత తీసి, కలపాల్సిన పని లేకపోయినా కలిపి, మళ్ళీ మూత పెట్టింది.

బల్ల దగ్గర లైల్ బఠాణీలు ఒలుస్తున్నాడు. గోడకి వీపు ఆనించి, రెండు తలుపులూ కనిపించే చోటు చూసుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం బస్సు దిగి, తాడు కట్టిన అట్టపెట్టె చంకన పెట్టుకుని వెనక గుమ్మంలో నిలబడి "అక్కా, నేనే" అన్నవాడు. లిండ్‌హైమ్ ఊరు ఊరంతా ఇటలీలో ఏదో నది దాటుతూ యుద్ధంలో చనిపోయాడని నమ్మినవాడు. కోర్టు ముందు పచ్చిక మీద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కి నిలబెట్టిన రాతి మీద, పై నుంచి చూస్తూ వస్తే ఊరి కుర్రాడు కార్ల్ బ్రాంట్ పేరు కిందే అతని పేరూ ఉంది.

"అక్కా, నీళ్ళు తాగొచ్చా?" అన్నాడు లైల్.

"అడగక్కర్లేదురా. నిన్నటి నుంచీ చెప్తున్నాను కదా."

"అలవాటైపోయింది." లేచి, కుళాయి దగ్గరికెళ్ళి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, తుడిచి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. సైనికుల ఆసుపత్రిలో ఇన్నేళ్ళూ అలాగే చేసి ఉంటాడు.

మార్జీన్ అతని వైపు చూడటం లేదు. చూడకూడదని కాదు, చూడటం చేతకావడం లేదు ఆ పిల్లకి. పదిహేడేళ్ళది. బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఏటేటా ఆ రాతి దగ్గర మామయ్యకని పూలు పెట్టింది. బళ్ళో మామయ్య మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకుంది. ఆ బహుమతిని వెర్నా ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టింది. నిన్న సాయంత్రం నుంచీ అది అక్కడ లేదు. ఎవరు తీశారని వెర్నా అడగలేదు.

"అమ్మా, ఒక్కటి చెప్పు," అంది మార్జీన్. "నేను ఆ వ్యాసం చదువుతుంటే ముందు వరసలో కూర్చుని విన్నావు. వింటూ ఏమనుకున్నావు?"

లైల్ చేతిలో బఠాణీ కాయ విచ్చుకోకుండా ఆగిపోయింది.

"నూడుల్స్ పిండి కలపాలి. మీ నాన్న వచ్చే వేళయింది," అంది వెర్నా.

* * *

ఆరిన్ దుకాణం మూసి భోజనానికి వచ్చాడు. టోపీ మేకుకి తగిలించి, బావమరిదికి తల పంకించి, భార్యని కళ్ళతోనే వెనక వరండాలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"సాయంత్రం బస్సుంది. విచిటా పట్నంలో మా పిన్ని కొడుకుతో ఫోన్‌లో మాట్లాడాను. వాడికి పైన గది ఖాళీగా ఉందట. లైల్‌ని ఉంచుకుంటానన్నాడు."

"వాడు వచ్చి ఒక్క రోజు కాలేదు."

"రేపు వీరుల దినం, వెర్నా. ఊరంతా సమాధులకి పూలు పెట్టి, ఆ రాతి చుట్టూ చేరతారు. మీ తమ్ముడి పేరు చదువుతుంటే మగాళ్ళంతా టోపీలు తీస్తారు. ఆ పక్కనుంచి వీడు నడిచొస్తే?"

"వాడు నా తమ్ముడు."

"ఆ ముక్క అప్పుడు చెప్పాల్సింది."

"నువ్వు మాత్రం చెప్పావా?"

"నన్నెవరూ అడగలేదు. అడిగింది నిన్ను."

వెర్నా వరండా స్తంభం మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకింది.

"నేను చచ్చిపోయాడని అనలేదు. పోయాడన్నాను."

"పోయాడంటే జనానికి ఏం అర్థమవుతుందో తెలియని పసిపిల్లవా నువ్వు?" ఆరిన్ గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచే మనిషి కాడు. అందుకే ఆ మాటలు మరీ తగిలాయి. "నిన్నొక్కదాన్నే అనడం లేదు. వీరుడి బావనని నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. లేచి నిలబడి, వద్దయ్యా, మా బావమరిది ఆసుపత్రిలో ఉన్నాడు అనలేకపోయాను. కూర్చున్నాను. సుఖంగానే కూర్చున్నాను. ఇప్పుడు ఆ కుర్చీ తల్చుకుంటే ఒళ్ళంతా చీదరగా ఉంది. వాణ్ణి బస్సెక్కిస్తే పోతుందా అంటే, పోదు. కానీ రేపు గడుస్తుంది."

"రేపు గడిస్తే చాలా?"

పెరట్లో తీగ మీద లైల్ చొక్కా ఒక్కటే, ఇంట్లో వాళ్ళ బట్టలకి ఎడంగా ఆరేసి ఉంది. ఎడంగా వేసింది తనే. ఎందుకు వేసిందో వెర్నాకి ఇప్పుడు చూస్తేగాని తెలియలేదు.

* * *

"పోయాడు" అన్న ఆ రోజు సంగతి వెర్నా ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

ఆరిన్‌ని చేసుకుని ఓజార్క్ కొండల నుంచి ఈ గోధుమ నేలకి వచ్చింది. ఇక్కడందరూ జర్మనుల సంతతి. చర్చి వంటింట్లోకి ఆమె అడుగు పెట్టగానే ఆడవాళ్ళ మాటలు జర్మన్‌లోకి మారిపోయేవి. ఆమె కొండ యాసలో ఏదైనా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు మింగేవారు. వండి తీసుకెళ్ళిన పళ్ళరొట్టెని బల్ల చివరన పెట్టేవారు. కోయకుండానే తిరిగి ఇంటికొచ్చేది. దాన్ని పెరట్లో కోళ్ళకి వేసి, గిన్నె కడిగి, బాగుందన్నారని ఆరిన్‌తో చెప్పేది. అలా ఏళ్ళు గడిచాయి.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఇటలీ నుంచి మతి చెదిరి తిరిగొచ్చిన లైల్‌ని చూడటానికి ఆసుపత్రికెళ్ళింది. తమ్ముడు ఆమెని గుర్తుపట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుంటే, ఎవరో పరాయి మనిషి ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కున్నాడు. మర్నాడు చర్చి వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ తీస్తూ కూలబడి ఏడ్చేసింది.

అప్పుడు హుల్డా బ్రాంట్ వచ్చింది. ఆ వంటింటికి పెద్దదిక్కు. కొడుకు కార్ల్ ఇటలీలో చనిపోయాడని కబురొచ్చి నెల తిరగలేదు. "నీవాళ్ళు కూడానా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మా తమ్ముడు. పోయాడు."

"ఎక్కడ?"

"ఇటలీలో."

అందులో అబద్ధం లేదు. ఆమె ఎరిగిన తమ్ముడు ఇటలీలోనే పోయాడు. కానీ హుల్డా కుర్చీ లాగి "కూర్చో" అన్నప్పుడు, మిగతా ఆడవాళ్ళు చుట్టూ చేరినప్పుడు, ఎవరో కాఫీ తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, వెర్నాకి వాళ్ళు ఏమనుకున్నారో తెలిసింది. తెలిసి కాఫీ తాగింది.

ఆ కాఫీ వేడి గుర్తొస్తే ఇప్పటికీ ఆమె మొహం కాలుతుంది.

* * *

భోజనాల దగ్గర లైల్ ఫోర్కు పక్కకి జరిపి చెంచాతో తిన్నాడు. తినడం అయ్యాక చెంచాని తుడిచి కంచం పక్కన తిన్నగా పెట్టాడు.

"పొద్దున నువ్వు బట్టలారేస్తుంటే ఊళ్ళోకెళ్ళొచ్చానక్కా," అన్నాడు.

ఆరిన్ నమలడం ఆపాడు.

"ఎంతదాకా?" అంది వెర్నా.

"కోర్టు దాకా. అక్కడ రాయుంది. చదివాను."

గిన్నెలో రసం మీద కొవ్వు తెట్టు కడుతోంది. వెర్నా దాన్నే చూస్తూ కూర్చుంది.

"మొదట ఇంకెవరో అనుకున్నాను. మన ఇంటిపేరు వాళ్ళు చాలామందే ఉంటారుగా. తర్వాత నా మధ్య పేరు కూడా కనిపించింది." అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే వెర్నా ఓర్చుకునేది. "అక్కడొక పెద్దావిడ రాతి చుట్టూ మొక్కలు నాటుతోంది. ఎవరు కావాలి బాబూ అంది. ఈ లైల్ ఎలాంటివాడండీ అని అడిగాను."

"దేవుడా," అన్నాడు ఆరిన్, మెల్లగా.

"ఆవిడ పని ఆపి అంతా చెప్పింది. వాళ్ళక్క చెప్పేదట. చలికి వణికే పిల్లికూనని చొక్కాలో పెట్టుకుని పడుకునేవాడట. చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేవాడట. నది దగ్గర దెబ్బ తిన్న స్నేహితుణ్ణి వీపున మోసి గట్టెక్కించి, ఇంకొకడి కోసం మళ్ళీ వెనక్కెళ్ళి, రాలేదట."

మార్జీన్ మొహం పాలిపోయింది. అది ఆమె వ్యాసంలోని మాట. బహుమతి వచ్చింది ఆ మాటకే.

"పిల్లి సంగతి నిజమే. పాటా నిజమే," అన్నాడు లైల్. "నది దగ్గర నేను వెనక్కెళ్ళలేదక్కా. గోతిలో కూర్చుండిపోయాను. పక్కన ఒకడు నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. పిలవడం ఆగిపోయిందాకా కూర్చున్నాను. తర్వాత ఎవరో నన్ను బయటికి లాగారు. ఆవిడతో ఇదంతా చెప్పలేదులే. పాపం, అంత ఇష్టంగా చెప్తోంది."

తమ్ముడు చనిపోయాడని ఊరు నమ్ముతుంటే ఊరుకున్నందుకు వెర్నా ఇన్నాళ్ళూ సిగ్గుపడుతూనే ఉంది. ఆ సిగ్గుతో కాపురం చేయడం అలవాటైంది. ఇది వేరు. బతికున్నవాడు తమ్ముడిగా పనికిరాడన్నట్టు, వాడి స్థానంలో ఇంకొకణ్ణి తయారుచేసి ఊరికి చూపించింది. ఆ ఇంకొకణ్ణి ఇప్పుడు వీడు కళ్ళారా చూసొచ్చాడు.

"మంచివాడిలా ఉన్నాడు," అన్నాడు లైల్, బల్ల మీద రొట్టె పొడిని వేలితో ఒక దగ్గరికి పోగుచేస్తూ. "నాకు నచ్చాడు."

మార్జీన్ లేచి పైకెళ్ళిపోయింది. మెట్లెక్కిన చప్పుడు వినిపించింది గానీ, తలుపు వేసుకున్న చప్పుడు రాలేదు.

ఆరిన్ టోపీ పెట్టుకున్నాడు. "బస్సు వేళకి ట్రక్కు తెస్తాను," అన్నాడు లైల్‌తో. "పెట్టె సర్దుకో. ఇది నీ మీద కోపంతో కాదు."

"తెలుసు బావా," అన్నాడు లైల్.

* * *

మధ్యాహ్నం వాలాక ముందు గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. వెర్నాకి ఆ అడుగులు తెలుసు. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి ప్రతి మెట్టు మీదా కాస్త ఆగుతాయి.

"లైల్, వంటింట్లోనే ఉండు," అని, ఇనుప జాలీ తలుపు తోసుకుని వరండాలోకి వచ్చి, తలుపుకి అడ్డంగా నిలబడింది.

హుల్డా బ్రాంట్ బకెట్ నిండా పియోనీ పూలు తెచ్చింది. ఎండకి మొహం ఎర్రబడింది. గోళ్ళలో పొద్దుటి మట్టి ఇంకా ఉంది.

"దండలకి ఇవి సరిపోతాయా చూడు. కార్ల్ నాటిన దుబ్బు ఈ ఏడు విరగబూసింది." బకెట్ దింపి నడుం పట్టుకుంది. "ఏం, లోపలికి రమ్మనవా?"

"ఇల్లు చిందరవందరగా ఉందండీ."

"నీ ఇల్లా?" హుల్డా నవ్వింది. "కిటికీలు మూసేశావేం? తలనొప్పా?"

"కొంచెం."

"అయితే ఎక్కువసేపు విసిగించను. ఒక్క మాట." ఆమె గొంతు తగ్గించింది. అంత పెద్దావిడ గొంతులో పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్ల కంగారు వినిపించింది. "పొద్దున రాతి దగ్గరికి ఒకాయన వచ్చాడు. కొత్త మనిషి. సన్నగా ఉన్నాడు. మీ లైల్ పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమాడు వెర్నా. పరాయివాళ్ళు అలా తడమరు. మీ తమ్ముడితో కలిసి పనిచేసినవాడేమో. నీ దగ్గరికేమైనా వచ్చాడా?"

"ఎందుకడుగుతున్నానంటే, ఇద్దరూ ఇటలీలోనే కదా. ఆయనకి మా కార్ల్ కూడా తెలిసుండొచ్చు. నాతో మాట్లాడి వెళ్ళిపోయాక తట్టింది. ఊరంతా వెతికాను. వాడెలా పోయాడో నాకు చెప్పక్కర్లేదు, అది నాకొద్దు. దానికి ముందు రోజు ఏం తిన్నాడు, ఎవరితో నవ్వాడు. అలాంటిదేదైనా. ఒక్కటి చాలు."

తెలియదు అంటే సరిపోయేది. ఎవరూ రాలేదండీ అంటే హుల్డా మెట్లు దిగి వెళ్ళిపోయేది. సాయంత్రం బస్సు వెళ్ళేది. ఆ మాట కోసం వెర్నా నోట్లో వెతుక్కుంటూ ఉండగానే వెనక జాలీ తలుపు తెరుచుకుంది.

"నేనేనమ్మా పొద్దున వచ్చింది," అన్నాడు లైల్. "లైల్ స్నేహితుణ్ణి. వాళ్ళక్కని చూసిపోదామని వచ్చాను."

అతను నేల చూస్తూ మాట్లాడుతున్నాడు. అట్టపెట్టె చంకలో ఉంది.

"లైల్ పోయాడమ్మా. నేను పక్కనే ఉన్నాను. మీరు చెప్పినట్టే జరిగింది."

వెర్నా ఆగిపోయింది. ఆపాల్సిన మాట అది. ఆపలేదు. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది, అలా దిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తమ్ముడు తన చేత్తో తనని పూడ్చుకుంటుంటే ఆమె పూల బకెట్ వైపు చూస్తూ నిలబడింది.

హుల్డా అతని రెండు చేతులూ పట్టుకుంది. "కార్ల్ తెలుసా నాయనా? కార్ల్ బ్రాంట్. పొడుగ్గా ఉంటాడు. నవ్వితే ఒక కన్ను మూసుకుపోతుంది."

లైల్ ఆమె మొహంలోకి చూశాడు.

"తెలుసమ్మా," అన్నాడు. "కార్ల్... మంచివాడు. మాకందరికీ పాటలు..."

"లైల్, వద్దురా," అంది వెర్నా.

ఆ పేరు వరండాలో అలా నిలబడిపోయింది.

"హుల్డా గారూ, వీడు నా తమ్ముడు."

హుల్డా చేతులు వదల్లేదు. అర్థం కానట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏ తమ్ముడు?"

"నాకున్నది ఒక్కడే."

పక్క వీధిలో ఎవరో గడ్డి కోస్తున్నారు. ఆ యంత్రం చప్పుడు దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమైంది. హుల్డా మెల్లగా లైల్ చేతులు వదిలేసి వరండా కుర్చీలో కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆమె కూర్చుంటూ వచ్చిన కుర్చీ అది.

"కార్ల్ పుట్టినరోజు వచ్చినప్పుడల్లా నీ దగ్గరికొచ్చేదాన్ని," అంది. "మా చెల్లెళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళ పిల్లలు బతికున్నారు, వాళ్ళకేం తెలుస్తుందనుకున్నాను. నా పక్కన కూర్చుని నువ్వూ ఏడ్చావు. ఎవరి కోసం వెర్నా?"

వెర్నా దగ్గర ఇన్నేళ్ళుగా కూడబెట్టిన జవాబులు చాలా ఉన్నాయి. వాడు నన్ను గుర్తుపట్టలేదండీ. నాకూ వాడు పోయినట్టేనండీ. అబద్ధం ఆడలేదండీ. ఒక్కటీ పైకి రాలేదు.

"మీరు నన్ను కూర్చోమన్నారు," అంది. "ఈ ఊళ్ళో అంతకుముందు ఎవరూ అనలేదు."

హుల్డా ఆ మాట విన్నదో లేదో తెలియలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. లైల్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"కార్ల్ నీకు తెలియదు."

"తెలియదమ్మా. మీరు అంత ఆశగా అడిగేసరికి..."

"ఊరుకో." ఆమె అతని చొక్కా కాలరు వైపు చూసింది. ఒక పక్క మడత పడి ఉంది. సరిచేయబోయినట్టు చెయ్యి లేచి, అక్కడిదాకా వెళ్ళకుండానే దిగిపోయింది. "రేపు పొద్దున తయారుగా ఉండు. నేనొచ్చి తీసుకెళ్తాను."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికేముంది, రాతి దగ్గరికి. పేర్లు చదివేటప్పుడు నా పక్కన నిలబడాలి నువ్వు."

బకెట్ ఎత్తుకుని మెట్లు దిగింది. వెర్నా వైపు చూడలేదు. పూలు ఒక్కటీ వదల్లేదు.

మార్జీన్ జాలీ తలుపు అవతలికి ఎప్పుడొచ్చిందో గాని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "అమ్మా, ఆవిడ మామయ్యని ఆదరించడానికి తీసుకెళ్తోందా, ఊరందరి ముందూ పెట్టి నిన్ను దులపడానికి తీసుకెళ్తోందా?"

"తెలియదే," అంది వెర్నా. అది నిజం.

"మరి నువ్వొస్తావా రేపు?"

వీధి మలుపులో ఆరిన్ ట్రక్కు కనిపించింది. ఎదురుగా బకెట్‌తో నడిచొస్తున్న హుల్డాకి అతను అలవాటుగా టోపీ ఎత్తాడు. ఆమె తల తిప్పకుండా సాగిపోయింది. ట్రక్కు ఇంటి ముందు ఆగింది. ఆరిన్ ఇంజన్ ఆపలేదు. వరండాలో ముగ్గురినీ చూశాడు, తలుపు బార్లా తెరిచి ఉండటం చూశాడు, హుల్డా వెళ్ళిన వైపు తిరిగి చూశాడు. అతని మొహంలో రంగు మారింది.

"ఎక్కు లైల్," అన్నాడు. "వేళవుతోంది."

లైల్ పెట్టె గుండెలకి హత్తుకుని ఒక మెట్టు దిగాడు.

"ఆరిన్, ఇంజన్ ఆపు," అంది వెర్నా.

ఆరిన్ ఆపలేదు.